‘ఆపు’ అనే గడి ముందుండాలి: కమ్యూనికేషన్ బోర్డుల తయారీ డైరీ

జనవరి: ఎవరి కోసం

మా అన్నయ్య కొడుక్కి ఏడేళ్లు. ఆటిజం ఉంది. మాటలు ఒకటీ అరా వస్తాయి, అవి కూడా వాడి మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే. మా పెదనాన్నకి స్ట్రోక్ వచ్చాక మాట పోయింది. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తను అనుకున్న పదం మాత్రం నోటిదాకా రాదు. అఫేసియా అంటారు దీన్ని. ఒకే ఇంట్లో ఇద్దరికీ మాటతోనే ఇబ్బంది, కానీ ఇద్దరిదీ ఒకే ఇబ్బంది కాదు. గడుల్లో బొమ్మలు చూసి, వాళ్లు వేలు పెట్టి చెప్పగలిగే బోర్డులు తయారు చేసే పని నేను నెత్తిన వేసుకున్నాను.

ట్యాబ్ కొని యాప్ వేద్దామని అన్నయ్య అన్నాడు. అది కూడా చేస్తాం. ముందు మాత్రం కాగితం. కాగితానికి ఛార్జింగ్ అక్కర్లేదు, స్నానాల గదిలోకి తీసుకెళ్లొచ్చు, ఎండలో స్క్రీన్ కనపడని చోట కూడా కనిపిస్తుంది. యాప్ వచ్చాక కూడా కాగితం బోర్డు పక్కన ఉండాల్సిందేనని స్పీచ్ థెరపిస్ట్ గారు మొదటి రోజే చెప్పారు.

పని మొదలుపెట్టేముందు ఇంట్లో అందరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఈ బోర్డులు మేం చెప్పినట్టు వాళ్లు వినడానికి కాదు, వాళ్లు చెప్పేది మాకు వినపడడానికి. ఏ గడిలో ఏ పదం పెట్టాలన్న వాదన వచ్చిన ప్రతిసారీ దీని దగ్గరికే వచ్చి తేల్చుకున్నాం.

కత్తెర పట్టకముందు

ఏ బొమ్మా ప్రింట్ తీయకుండా కొన్నాళ్లు అన్నయ్య కొడుకుని చూసి రాసుకోవడమే పని. ఖాళీ గ్లాసు తెచ్చి చేతిలో పెడతాడు. తలుపు దగ్గరికి చెయ్యి పట్టి లాక్కెళ్తాడు. మిక్సీ వేసేముందే, డబ్బా తీసిన చప్పుడుకే చెవులు మూసుకుంటాడు. స్నానం అనగానే నేల మీద పడుకుంటాడు. ఇవన్నీ మాటలే. గ్లాసు ‘నీళ్లు కావాలి’, చెయ్యి లాగడం ‘వెళ్దాం’, చెవులు మూయడం ‘ఆ శబ్దం వద్దు’, పడుకోవడం ‘ఇప్పుడు కాదు’. వదిన ఈ నోట్‌బుక్ చదివి, “వీడు ఇన్ని చెబుతున్నాడా!” అంది. బోర్డు మీద మొదట రావాల్సిన పదాలు ఈ పుస్తకంలోంచే వచ్చాయి.

థెరపిస్ట్ గారు ఇంకోటి చూశారు. వాడికి వస్తువు చూపిస్తే అర్థమవుతోందా, ఫోటో అయినా సరిపోతుందా, గీత బొమ్మ కూడా తెలుస్తోందా అని. అందరికీ బొమ్మే సరైనదని లేదు. చూపూ వినికిడీ రెండూ లేని పిల్లల కోసం నెదర్లాండ్స్‌లో యాన్ వాన్ డైక్ 1960లలోనే వస్తువులనే గుర్తులుగా వాడారు: చేతికి చెంచా ఇస్తే భోజనం వేళ అయినట్టు, తువ్వాలు ఇస్తే స్నానం వేళ అయినట్టు. కొందరు పిల్లలకి బొమ్మ కంటే రాసిన పదమే తొందరగా పట్టుబడుతుంది. మావాడికి ఫోటోలూ గీత బొమ్మలూ రెండూ తెలుస్తున్నాయి. మనుషులకి, ఇంట్లో గదులకి ఫోటోలు, మిగతావాటికి గీత బొమ్మలు అనుకున్నాం.

ఫిబ్రవరి: బొమ్మలు ఎక్కణ్నించి తెచ్చాం

నెట్‌లో దొరికిన బొమ్మ దొరికినట్టు తీసుకుంటే ఒక్కోటి ఒక్కో తీరుగా ఉంటుంది. ఒకటి కార్టూన్, ఒకటి ఫోటో, ఇంకోటి వాటర్‌మార్క్‌తో. ఒకే చేతి గీత ఉన్న సెట్ కావాలి. డబ్బు పెట్టి కొనే సెట్లలో బాగా పేరున్నది పీసీఎస్ (పిక్చర్ కమ్యూనికేషన్ సింబల్స్), 1981 నుంచీ ఉంది. ఉచితంగా దొరికేవాటిలో నేను రెండు చూశాను. ఒకటి మల్బరీ సింబల్స్. రెండోది ఆరాసాక్, స్పెయిన్‌లోని ఆరగాన్ ప్రాంత ప్రభుత్వం నడుపుతున్నది, బొమ్మలు గీసింది సెర్హియో పలావ్. పది వేలకి పైగా బొమ్మలున్నాయి. అమ్ముకోకూడదు, గీసినవాళ్ల పేరు వేయాలి, మార్పులు చేసి పంచుకుంటే అదే లైసెన్సుతో పంచాలి. ఈ షరతులకి ఒప్పుకుంటే ఎవరైనా వాడుకోవచ్చు. ఒంటి రంగు, జుట్టు రంగు సైట్‌లోనే మార్చుకోవచ్చు. బొమ్మలో పిల్లాడు వాడిలాగే కనిపించాలని మాకు ఉంది కాబట్టి ఆరాసాక్ తీసుకున్నాం.

ప్రింట్ తీసేముందు పేర్లు మూసేసి ఇంట్లో అందరికీ చూపించి ఏమిటని అడిగాను. ‘నిద్ర’, ‘తాగు’ చూడగానే చెప్పారు. ‘సాయం’ కొందరికే తట్టింది. ‘ఇంకా’, ‘వేరేది’ ఎవరికీ తట్టలేదు. ఈ రంగంలో బొమ్మల్ని ఇలాగే మూడు రకాలు చేస్తారు: చూడగానే తెలిసేవి, చెబితే ‘ఆ, అవును’ అనిపించేవి, నేర్చుకుంటే తప్ప తెలియనివి. చిక్కేమిటంటే, రోజూ ఎక్కువ అక్కరకొచ్చే పదాలన్నీ మూడో రకమే. ‘కావాలి’కి ఎవరు మాత్రం ఏం బొమ్మ గీస్తారు? అందుకని సరైన బొమ్మ కోసం రోజుల తరబడి వెతకడం మానేశాం. ఒకటి ఎంచుకుని, దాన్నే ఎప్పటికీ ఉంచి, వాడుతూ వాడుతూ అర్థం తెచ్చుకోవాలి.

బొమ్మలతో భాష అనగానే ఛార్లెస్ బ్లిస్ గుర్తొస్తాడు. నాజీల నిర్బంధ శిబిరాల నుంచి బయటపడి షాంఘై చేరినవాడు. అక్కడ చైనా లిపి చూసి, దేశాలన్నీ చదువుకోగలిగే గుర్తుల భాష ఒకటి ఉంటే మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకుంటారని నమ్మి, 1949లో దాన్ని ప్రచురించాడు. దేశాలు పట్టించుకోలేదు. 1971లో టొరంటోలోని ఒక పిల్లల కేంద్రంలో, సెరిబ్రల్ పాల్సీ వల్ల మాట్లాడలేని పిల్లల కోసం టీచర్లు గుర్తులు వెతుకుతుంటే ఆ పుస్తకం కంటపడింది. ఆ గుర్తుల మీద వేలు పెట్టి ఆ పిల్లలు మాట్లాడడం మొదలుపెట్టారు. ఆయన ఊహించిన చోట కాదు గానీ, ఆయన పని చేరాల్సిన వాళ్లకే చేరిందని నాకు అనిపిస్తుంది.

పదాల జాబితా

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది ఇదే. ఇంట్లో ఎవరిని అడిగినా పేర్లు చెప్పారు: నీళ్లు, అన్నం, బంతి, బాత్రూం, టీవీ. పేర్లు కావాలి, నిజమే. కానీ పేర్లు మాత్రమే ఉన్న బోర్డుతో అడగడం ఒక్కటే కుదురుతుంది. మనం రోజంతా మాట్లాడేదాంట్లో దాదాపు 80 శాతం కొన్ని వందల మామూలు పదాలే: నేను, నువ్వు, అది, ఇంకా, కాదు, ఎక్కడ, వెళ్లు, చూడు. వీటిని కోర్ పదాలంటారు. ఏ సందర్భానికైనా పనికొస్తాయి కాబట్టి వీటి చోటు బోర్డు మీద కదలకూడదు. ఒక్కో సందర్భానికి మాత్రమే వచ్చే పేర్లు వేరే పేజీల్లో ఉంటాయి.

మా కోర్ బోర్డు ఏ4 కాగితం అడ్డంగా, ఆరు వరసలు వెడల్పుకి, ఐదు నిలువుకి, మొత్తం 30 గడులు. ఏవి ఎక్కాలన్నదాని మీద వాదనలు బాగానే జరిగాయి. ‘థాంక్యూ’, ‘సారీ’, ‘ప్లీజ్’ పెట్టమన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. మాట్లాడలేని పిల్లాడికి దొరికిన 30 గడుల్లో మూడు మన మర్యాద కోసం తీసేసుకోవడం నాకు అన్యాయంగా తోచింది. వాటి చోట్లో ‘ఆపు’, ‘వేరేది’, ‘బాలేదు’ వచ్చాయి. ‘వద్దు’ ఎలాగూ ఉంది. ‘నొప్పి’, ‘భయం’ పక్కపక్కనే పెట్టాం. చివరి గడి ‘ఇందులో లేదు’. తను చెప్పాలనుకున్నది బోర్డు మీద లేదని చెప్పే దారి లేకపోతే, ఉన్న బొమ్మల్లోంచి ఏదో ఒకటి చూపించి ఊరుకుంటారు. మనం అదే వాళ్ల మాటని అనుకుంటాం.

గడుల అమరిక దగ్గర ఒక సంగతి తెలిసొచ్చింది. దొరికే నమూనా బోర్డుల్లో ఎక్కువ ఫిట్జ్‌జెరాల్డ్ కీ పద్ధతిలో ఉంటాయి. ఈడిత్ ఫిట్జ్‌జెరాల్డ్ 1926లో వినపడని పిల్లలకి వాక్యం కూర్చడం నేర్పడానికి తయారుచేసిన అమరిక అది. తర్వాత దానికి రంగులు చేర్చారు: మనుషులకి పసుపు, పనులకి ఆకుపచ్చ, ఎలా ఉందో చెప్పే పదాలకి నీలం, వస్తువులకి నారింజ. రంగులు నాకు బాగా నచ్చాయి, అలాగే ఉంచాను. కానీ ఆ అమరిక ఇంగ్లిష్ వాక్యానికి సరిపోయేది. ఎడమ చివర మనుషులు, వెంటనే పనులు, కుడి చివర వస్తువులు. తెలుగులో పని చివర వస్తుంది. ‘అమ్మ, నీళ్లు, ఇవ్వు’ అని చెప్పాలంటే ఆ బోర్డు మీద వేలు కుడికి వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. అందుకని ఆకుపచ్చ వరసల్ని కుడి చివరకి జరిపాను. ఇప్పుడు వేలు ఎడమ నుంచి కుడికి జారితే తెలుగు వాక్యం అవుతుంది.

క్రియల రూపం గురించి కూడా ఆలోచించాల్సి వచ్చింది. వెళ్లాను, వెళ్తా, వెళ్దాం, వెళ్లలేదు అని ఒక్కోదానికి ఒక గడి ఇస్తే బోర్డు చాలదు. గడి మీద ‘వెళ్లు’ అనే ఉంచి, వేలు పెట్టేటప్పుడు నోటితో మాత్రం పూర్తి రూపం చెబుతున్నాం: “పార్కుకి వెళ్దాం”, “నాన్న వెళ్లాడు”. వాడు చూసేది ఒకే బొమ్మ, వినేది అసలైన వాక్యం.

తయారీ

మొదటి నమూనా మెరిసే ఫిల్మ్‌తో లామినేట్ చేయించి ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూస్తే, మధ్య గడుల్లో బొమ్మ బదులు లైటు కనిపించింది. తర్వాత అంతా మ్యాట్ ఫిల్మే. చేసుకునేవాళ్లకి పనికొచ్చే వివరం ఇంకోటి: విడి కార్డులైతే ముందు కాగితాన్ని కత్తిరించి, వాటి మధ్య ఎడం వదిలి లామినేట్ చేయాలి. తర్వాత చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల ఫిల్మ్ అంచు మిగిలేలా మళ్లీ కత్తిరించాలి. కాగితమూ ఫిల్మూ కలిపి ఒకేసారి కోస్తే అంచు తెరిచే ఉంటుంది, తడి లోపలికి పోతుంది. మావాడు కార్డు చేతికి రాగానే మూల నోట్లో పెట్టుకుంటాడు. తెరిచిన అంచున్న కార్డు మూల మొదట తెల్లగా ఉబ్బి, తర్వాత పొరలుగా విడిపోయి, బొమ్మ మీద ఆకుపచ్చ రంగు పాకేసింది. మూసిన అంచున్నవి అలాగే నిలబడ్డాయి. మూలలు గుండ్రంగా కత్తిరించడం మరిచిపోవద్దు, లామినేషన్ మూల చర్మాన్ని గీస్తుంది.

పేరు బొమ్మకి పైన రాశాను, కింద కాదు. వేలు కింది నుంచి వస్తుంది కాబట్టి కింద రాస్తే చెయ్యి దాన్ని కప్పేస్తుంది, ఎదురుగా ఉన్నవాళ్లకి చదవడానికి వీలుండదు. తెలుగు అక్షరాలకి వత్తులూ గుడి దీర్ఘాలూ ఉంటాయి, సన్నని ఫాంట్‌లో చిన్న సైజులో ‘వ’, ‘మ’ కలిసిపోతాయి. కొంచెం లావు ఫాంట్ వేసి, వత్తులు గీతకి తగలకుండా గడిలో ఖాళీ వదిలాను.

కోర్ బోర్డుకి వెల్క్రో పెట్టలేదు. దాని మీద పదాలు కదలవు. కొన్నాళ్లకి కన్ను వెతక్కముందే చెయ్యి ఆ చోటికి వెళ్తుంది, మనం కీబోర్డు చూడకుండా టైప్ చేసినట్టు. అందుకే కొత్త పదాల కోసం ఖాళీ గడులు కూడా ముందే వదిలాం. కొత్తది వచ్చినప్పుడు పాతది జరగకూడదు. వెల్క్రో విడి కార్డులకి మాత్రమే. ఇంట్లో, స్కూల్లో, థెరపీలో అన్ని చోట్లా కార్డుకి గరుకు వైపు, బోర్డుకి మెత్తటి వైపు అని ముందే మాట్లాడుకున్నాం, లేకపోతే ఒకచోటి కార్డు ఇంకోచోట అతుక్కోదు.

మార్చి: రోజు పట్టీ

కోర్ బోర్డుతో పాటు రోజులో ఏం జరగబోతోందో చూపించే పట్టీ ఒకటి చేశాం. పై నుంచి కిందికి కార్డులు; ఒక పని అయిపోగానే ఆ కార్డు తీసి కింద ఉన్న డబ్బాలో వేస్తాడు. ఇది టీచ్ పద్ధతి నుంచి వచ్చింది, అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఎరిక్ షాప్లర్ మొదలుపెట్టినది. చెప్పిన మాట గాలిలో కలిసిపోతుంది, బొమ్మ కళ్లముందే ఉంటుంది. ‘స్నానం తర్వాత ఏంటి’ అనే టెన్షన్ సగం తగ్గడానికి అదే చాలు. పట్టీ మొత్తం ఎక్కువనిపించిన రోజు రెండే కార్డులు: ముందు ఇది, తర్వాత అది.

పట్టీలో తప్పకుండా ఉండాల్సిన కార్డు ‘మార్పు’. వాన వచ్చి పార్కు మానేస్తే, పార్కు కార్డు గుట్టుగా తీసేయకుండా, వాడు చూస్తుండగా దాని మీద ‘మార్పు’ పెట్టి పక్కన కొత్త కార్డు అంటిస్తాం. దీన్ని ముందు మంచి మార్పులతో అలవాటు చేశాం, చదువు పోయి ఆట వచ్చిన రోజుల్లో. లేకపోతే ఆ కార్డు కనిపిస్తే చాలు, ఏదో పోయిందన్నమాటే.

అయితే పట్టీ మేం వాడికి చెప్పేది, వాడు మాకు చెప్పేది కాదు. చాలా చోట్ల ఇది ఒక్కటే పెట్టి ‘బొమ్మలతో కమ్యూనికేషన్ చేస్తున్నాం’ అనుకుంటారు. అందుకే మా పట్టీలో రోజుకి రెండు చోట్ల ఖాళీ ఉంచి, అక్కడ ఏం పెట్టాలో వాడినే ఎంచుకోమంటున్నాం.

వేలు పెట్టాల్సింది ముందు మేమే

బోర్డు ఇచ్చి ‘చూపించు’ అంటే ఎవరూ చూపించరు. పసిబిడ్డకి మనం నెలల తరబడి మాట్లాడి వినిపించాకే గదా తొలి మాట వస్తుంది. బోర్డుకీ అంతే. మేం మాట్లాడేటప్పుడు మేమే గడుల మీద వేలు పెడుతూ మాట్లాడాలి. దీన్ని మోడలింగ్ అంటారు. వాడు తిరిగి చూపించాలని అడగకూడదు, పరీక్ష పెట్టకూడదు. ప్రతి పదానికీ వేలు పెట్టక్కర్లేదు, వాక్యానికి ఒకటి రెండు చాలు. వేలు పెట్టాక ఆగాలి. లోపల పది లెక్కపెట్టుకుంటూ వాడి వైపు చూడాలి. మా ఇంట్లో అందరికీ కష్టమైంది ఈ ఆగడమే.

అమ్మకి మొదట్లో భయం. “బొమ్మలకి అలవాటు పడితే ఉన్న రెండు మాటలూ పోతాయేమోనే” అంది. ఈ భయం చాలామందికి ఉంటుంది కాబట్టి సమాధానం వివరంగా రాస్తున్నాను. డయాన్ మిల్లర్, జానిస్ లైట్, రాల్ఫ్ ష్లాసర్ 2006లో అంతవరకు వచ్చిన అధ్యయనాల్ని వడపోసి చూశారు. గట్టి ఆధారాలున్న 27 మందిలో ఒక్కరికి కూడా బొమ్మలూ సైగలూ వాడడం వల్ల మాట తగ్గలేదు. 89 శాతం మందికి మాట కొంత పెరిగింది, మిగతావాళ్లకి ఉన్నంత ఉంది. పెరుగుదల ఎక్కువమందిలో కొద్దికొద్దిగానే కనిపించింది, అద్భుతాలు చెప్పడం లేదు. కానీ పోతాయన్న భయానికి ఆధారం లేదు. ఇది విన్నాక అమ్మే వంటింట్లో ఒక కాపీ తగిలించమంది.

ఇంకో నియమం గట్టిగా పెట్టుకున్నాం. వాడి చెయ్యి పట్టి గడి మీద పెట్టించకూడదు. తోచకపోతే మేం చూపిస్తాం, ఎదురు చూస్తాం, అంతే. చెయ్యి పట్టుకుని అక్షరాల మీద కదిలించే ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అనే పద్ధతి ఒకటుంది. 1990లలో దాన్ని శాస్త్రీయంగా పరీక్షిస్తే, వస్తున్న మాటలు చెయ్యి పట్టుకున్నవాళ్లవేనని తేలింది. ప్రేమతో పట్టుకున్నవాళ్లే, తెలియకుండానే. అవతలి మనిషి గొంతు మన గొంతు కింద అణిగిపోవడం కంటే ఘోరం ఉండదనిపిస్తుంది నాకు.

ఏప్రిల్: ‘ఆపు’

గోళ్లు కత్తిరించడమంటే మా ఇంట్లో ముగ్గురు పట్టుకోవాల్సిన పని. ఈసారి వదిన బోర్డు పక్కన పెట్టుకుని కూర్చుంది. ఒక గోరు కత్తిరించి, తనే ‘ఆపు’ మీద వేలు పెట్టి, “ఆపు. ఆపేశాను” అని కట్టర్ కింద పెట్టేసింది. మళ్లీ తీసుకుంది. ఇంకో గోరు, మళ్లీ అదే. బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి వాడి చెయ్యి బిగుసుకుంది. రెండో చెయ్యి బోర్డు మీదికి వెళ్లింది. వేలు కాదు, అరచేయి మొత్తం, ‘ఆపు’ మీదా దాని పక్క గడి మీదా కలిపి పడింది. వదిన వెంటనే కట్టర్ నేల మీద పెట్టేసింది. “ఆపమన్నావు, ఆపేశాను” అంది. వాడు కట్టర్ వైపు చూశాడు, వదిన మొహం వైపు చూశాడు, మళ్లీ ‘ఆపు’ నొక్కాడు. ఆగి ఉన్నదాన్ని మళ్లీ ఆపమంటున్నాడు. అది పనిచేస్తుందా లేదా అని చూసుకుంటున్నాడని మాకు అర్థమైంది.

ఆ రోజు మిగతా గోళ్లు అలాగే ఉండిపోయాయి. అన్నయ్యకి అది నచ్చలేదు, “ప్రతిదానికీ ఆపు అంటే ఎలా?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. మందు వేయడం, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోవడం లాంటివి వాడు ఆపమన్నా ఆపలేం. అప్పుడు కూడా విననట్టు ఉండకుండా, “ఆపమంటున్నావు, విన్నాను. మందు వేయాలి, అయిపోగానే ఆపేస్తాను” అని ‘అయిపోయింది’ గడి చూపిస్తున్నాం. ఆపగలిగినవన్నీ మాత్రం ఆపాల్సిందే. చెప్పినా పనిచేయని పదాన్ని ఎవరు వాడతారు? మళ్లీ కొరకడానికీ పడుకోవడానికీ పోతారు. అవి అయితే ఎప్పుడూ పనిచేస్తాయి. తర్వాత కత్తిరించినప్పుడు మధ్యమధ్యలో ‘ఆపు’ అంటూనే, పట్టుకోకుండానే, ఒక చెయ్యి పూర్తిగా ఇచ్చాడు.

స్కూల్లో మాత్రం వాడి బోర్డు పేజీల పుస్తకం బ్యాగులోనే ఉంటోందని తెలిసింది. ‘క్లాసు అయ్యాక తీస్తాం’ అన్నారట. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడిక రెండో అధికరణంలోనే కమ్యూనికేషన్ అంటే ఏమేమిటో చెప్పింది. బ్రెయిలీ, పెద్ద అక్షరాలు, తేలిక భాష, వీటితో పాటు మాటకి తోడుగా, మాటకి బదులుగా వాడే పద్ధతులు కూడా అందులో ఉన్నాయి. వాడి పుస్తకం బ్యాగులో పెట్టడమంటే వాడి నోరు మూసినట్టే. ఇదే మాట మర్యాదగా ఒక పేజీలో రాసి, ‘ఎలా వాడాలి’ అనే ఫోటోలతో పుస్తకం మొదట్లో పెట్టి పంపాం. మెడలో వేసుకునే ట్యాగ్‌లా ఆరు కోర్ కార్డులు టీచర్ గారికి విడిగా చేసి ఇచ్చాం. ట్యాగ్ అయితే ఆమె రోజూ వేసుకుంటున్నారు.

మే: పెదనాన్న పుస్తకం

పెదనాన్నకి ఆ బొమ్మలు ఇవ్వలేదు. నలభై ఏళ్లు లెక్కలు రాసిన మనిషి ముందు చిన్నపిల్లల బొమ్మలు పెడితే ఆయన మనసు ఎంత కష్టపడుతుంది? ఆయనకి అసలు ఫోటోలు, పెద్ద అక్షరాలతో రాసిన పదాలు, కుటుంబం చెట్టు, క్యాలెండర్, ఇంటి నక్షా, మనిషి బొమ్మ ముందూ వెనకా, నొప్పి కొలత, అంకెల పేజీ. ఎడమ వైపు మెదడు దెబ్బతింటే కుడి వైపు చూపు తగ్గే అవకాశం ఉంది. ఆయనకి అలాగే ఉంది, పేజీ కుడి సగం వదిలేస్తున్నారు. అందుకని ఎంచుకోవాల్సినవన్నీ ఒకదాని కింద ఒకటి, ఎడమ వైపుకి.

మాట్లాడే తీరు టొరంటోలో అవురా కేగన్ రూపొందించిన పద్ధతిలోంచి తీసుకున్నాం. ‘చెప్పాల్సింది మీకు తెలుసు, నోటికి రావడం లేదంతే’ అని ముందే ఆయనతో అనడం దాంట్లో మొదటి మెట్టు. తర్వాత ప్రశ్న అడుగుతూ ముఖ్యమైన పదాలు కాగితం మీద రాసి చూపించడం, చివర్లో మనం అర్థం చేసుకున్నది తిరిగి చెప్పి ‘ఇదేనా?’ అని అడగడం. ఆయన తల ఊపడం నమ్మడానికి లేదు, అవునుకీ కాదుకీ ఒకేలా ఊపుతారు. పేజీ అంచున ‘అవును’, ‘కాదు’, ‘ఇందులో లేదు’ పెద్దగా రాసి, ప్రతి జవాబూ అక్కడ చూపించమంటున్నాం.

ఒక సాయంత్రం ఆయన ‘ఇందులో లేదు’ మీద కొడుతూనే ఉన్నారు. పెద్దమ్మ పేజీలన్నీ తిప్పింది. నీళ్లా, బాత్రూమా, నొప్పా, అన్నిటికీ ‘కాదు’. నేను కాగితం మీద ‘మనిషి, వస్తువు, చోటు, జరిగిన సంగతి’ అని రాశాను. ‘మనిషి’ చూపించారు. కుటుంబం పేజీ తీస్తే వేలు తన ఫోటో మీదే పెట్టారు. “మీ గురించా పెదనాన్నా?” ‘అవును’. క్యాలెండర్‌లో నిన్నటి తేదీ చూపించారు. నిన్న ఆస్పత్రికి వెళ్లొచ్చాం. అక్కడ డాక్టర్ గారు పెద్దమ్మనీ అన్నయ్యనీ వరండాలోకి పిలిచి మాట్లాడారు, ఆయన లోపల కుర్చీలో కూర్చుని ఉన్నారు. “డాక్టర్ గారు మీ గురించి ఏం చెప్పారో అడుగుతున్నారా?” ‘అవును’ మీద వేలు పెట్టి తీయలేదు. పెద్దమ్మ ఆయన పక్కన కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పింది, నేను ముఖ్యమైనవి రాసి చూపించాను.

మర్నాడే ఆయన పుస్తకం మొదటి పేజీకి రెండు వాక్యాలు ఎక్కాయి: ‘నాతోనే చెప్పండి.’ ‘నా ముందే మాట్లాడండి.’ తర్వాతిసారి ఆస్పత్రిలో ఆ పేజీ తెరిచి ఆయనే డాక్టర్ గారి వైపు తిప్పారు. డాక్టర్ గారు కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆయనతోనే మాట్లాడారు.

టాకింగ్ మ్యాట్స్ కూడా ఒకసారి పెట్టి చూశాం. స్కాట్లండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి. గరుకు చాప మీద పైన ‘బాగుంది’, ‘పరవాలేదు’, ‘బాలేదు’ అనే మూడు గుర్తులు పెట్టి, ఒక్కో విషయం కార్డు ఇచ్చి ఎక్కడ పెట్టాలో ఆయన్నే అడగడం. ఆయన చూపుకి తగ్గట్టు మూడు గుర్తుల్నీ ఎడమ వైపు నిలువుగా పెట్టాం. వ్యాయామం ‘పరవాలేదు’ పక్కన పెట్టారు. సాయంత్రం పలకరించడానికి వచ్చేవాళ్ల కార్డు ‘బాలేదు’ పక్కన పెట్టారు. మేం ఆ పలకరింపులు ఆయనకి సంతోషమే అనుకుంటున్నాం ఇన్నాళ్లూ. ఇప్పుడు వచ్చేవాళ్లు ముందు ఫోన్ చేసి, ఒకరిద్దరే, పగటిపూట వస్తున్నారు.

ఇప్పుడున్న స్థితి

వాడి కోర్ బోర్డు మూడో రూపంలో ఉంది. గడుల చోట్లు మారలేదు, అంచులు లావు చేశాను, వెనక అట్ట వేశాను. ‘వేరేది’ ఈమధ్యే సొంతంగా వాడుతున్నాడు. ‘ఎక్కడ’ ఇంకా మేం చూపించడం దగ్గరే ఉంది. ‘భయం’ ఒక్కసారే చూపించాడు, ఉరుము ఉరిమిన రాత్రి.

మొదలుపెట్టాల్సింది ఒకటుంది. థెరపీకి వచ్చే ఒక పాపకి చేతులు స్వాధీనంలో ఉండవు, కళ్లు మాత్రం చురుగ్గా తిరుగుతాయి. ఆమె కోసం పారదర్శకమైన యాక్రిలిక్ షీటు మీద మధ్యలో కిటికీలా ఖాళీ వదిలి, నాలుగు మూలలా, పక్కలా బొమ్మలు అంటించే ఫ్రేమ్ చేయాలి. ఇటు ఒకరు, అటు పాప. ఆమె ఏ మూల చూస్తోందో షీటులోంచి మనకి కనిపిస్తుంది. బొమ్మలు మరీ దగ్గరగా ఉంటే చూపు ఎటుందో తేడా తెలియదు కాబట్టి మొదట నాలుగు మూలలతోనే పెడదామన్నారు థెరపిస్ట్ గారు. ఆ నాలుగింట్లో ఏమేం ఉండాలో వాళ్లమ్మగారితో కూర్చుని రాసుకున్నాం: ‘ఇంకా’, ‘ఆపు’, ‘వేరేది’, ‘ఇటు రా’. షీటు వచ్చింది, అంచులు ఇసుక కాగితంతో రుద్దుతున్నాను.